చిరాగ్‌పల్లి దగ్గర పారబోసిన పది మీటర్ల భూమి

భూమి లోపలి రాళ్లు ఒక వరుసలో కుదురుకోవడానికి కోట్ల ఏళ్లు పట్టిందని కాలేజీలో చదువుకున్నాను. ఆ వరుస చెడగొట్టడానికి నాకు పావుగంట పట్టింది. అందులో ఐదు నిమిషాలు చాయ్ తాగడానికే పోయాయి. ఆ పావుగంట పుణ్యమా అని ఒక అవ్వ అల్లం చెల్క పోయింది, ముప్పై ఏళ్ల అనుభవమున్న ఒక మేడం తన చదువును తానే అనుమానించుకుంది, ఒక బంగారం వెతుకులాట మూతపడింది. మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. చెబుతున్నంతసేపూ నా మొహం వైపు మాత్రం చూడకండి.

నా పేరు నర్సింలు. మాది జహీరాబాద్. జియాలజీలో ఎమ్మెస్సీ పాసైన వారానికే అంచులు వెడల్పుగా ఉన్న టోపీ ఒకటి, నడుముకు తగిలించుకునే సుత్తి ఒకటి కొన్నాను. ఉద్యోగం ఇంకా రాలేదు. అయినా రెండూ తగిలించుకుని కూరగాయల మార్కెట్ దాకా నడిచేవాణ్ణి. మా వీధిలో వాళ్లు నన్ను చూసి, "ఏం నర్సింలూ, కరెంటు పని నేర్చుకుంటున్నవా?" అని అడిగేవాళ్లు. భూమి పుట్టుక గురించి వాళ్లకు వివరించడం మొదలుపెట్టేవాణ్ణి. రెండో మాటకే వాళ్లకు ఏదో అర్జెంటు పని గుర్తొచ్చేది.

అలాంటి నాకు మొగుడంపల్లి వైపు బంగారం కోసం వెతుకుతున్న ఒక చిన్న కంపెనీలో కాంట్రాక్టు మీద పని దొరికింది. అక్కడ మాకు పెద్ద దిక్కు విజయలక్ష్మి మేడం. యాభై దాటిన మనిషి. మెడలో నల్లదారానికి ఒక చిన్న భూతద్దం వేలాడుతుండేది. రాయి దొరికితే చాలు, దాన్ని నాలుకతో తడిపి, కంటికి ఆనించుకుని భూతద్దంలో చూసేది. రాయి తడిస్తే అందులోని గింజలు బాగా కనబడతాయి, అంతే. కానీ మా ట్రాలీ ఆటో డ్రైవరు దేవదాసు మొదటిరోజు అది చూసి నన్ను పక్కకు పిలిచి, "మేడంకు ఉప్పు తక్కువైన బీమారి ఏమన్న ఉన్నదా సార్?" అని అడిగాడు.

ఇంతకీ ఆ బంగారం సంగతి మీకు కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసిన ఘనకార్యం ఎంత పెద్దదో మీకు తెలియదు.

మా వైపు పైన ఎర్ర మొరం ఉంటుంది. దాని కింద నల్లరాయి. ఒకప్పుడు కరిగి పారి, చల్లారి గట్టిపడ్డ లావా అది. ఆ నల్లరాయి కింద ఇంకా ఎంతో పాతదైన పచ్చటి రాయి దాక్కుని ఉంటుంది. మామూలుగా అది మన కంటికి ఆనదు. కానీ మొగుడంపల్లి దాటాక ఒక చోట ఒక చిన్న వాగు నల్లరాయిని కోసుకుంటూ కోసుకుంటూ పోయి, అడుగున ఆ పచ్చరాయిని బయటపెట్టింది. అందులో తెల్లటి పలుగురాయి సన్నసన్నటి చారలుగా ఉంటుంది. బంగారమనేది ఉంటే ఆ చారల్లోనే ఉండాలి. ఉన్నా మెరవదు, కనబడదు. ఒక టిప్పర్ నిండా రాయి దంచి పిండి చేస్తే, ముక్కుపుడకకు సరిపడా దొరికితే అదే పండగ.

నేను పుట్టకముందే ఒక సర్కారీ బృందం అక్కడికి వచ్చిందట. వాగు పక్కన కందకాలు తవ్వి, పలుగురాయిలో కొంచెం బంగారం ఉందని రాసుకుని, ఇంకా పెద్దది ఎక్కడో దొరికితే అటు వెళ్లిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఒక ప్రైవేటు కంపెనీ వచ్చి రెండు బోర్లు వేసింది. ఆ కంపెనీ వేరే ఊళ్లో వేరే గొడవలో మూతపడింది. అది తీసిన రాళ్లు ఎవరిదో బర్రెల కొట్టంలో నేలకు పరిచి కనిపించాయి. వాటిలో ఏముందో బర్రెలకు తెలిసి ఉండాలి. మూడో దఫా మేం వచ్చాం. మేడం మొదటిరోజే ఆ కొట్టంలోకి వెళ్లి, పేడ కడిగించి, నేలమీది రాళ్లను ఒక్కొక్కటే చూసి, బయటికొచ్చి ఒకటే మాట అంది.

"రాళ్లు మంచివే నర్సింలూ. కానీ ఏ రాయి ఏ లోతుదో చెప్పేవాళ్లు లేరు. ఇంక వీటితో గోడ కట్టుకోవాల్సిందే."

ఆ మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. రాసుకోవడంలో నాకు లోటు లేదు.

మా బోరు నీళ్ల బోరు లాంటిది కాదు. అది లోపలి రాయిని పిండి చేయకుండా, చేతికర్ర లావున గుండ్రటి కడ్డీలా కోసి పైకి తెస్తుంది. ఆ కడ్డీ ముక్కల్ని రేకు పెట్టెల్లో వరుసగా పేరుస్తాం. ఒక్కో పెట్టెలో ఐదు గాళ్లు, ఒక్కో గాడిలో ఒక మీటరు రాయి. మధ్యమధ్య ఒక చెక్కముక్క పెట్టి దాని మీద లోతు రాస్తాం. తర్వాత గోదాములో కూర్చుని, మీటరు మీటరుకూ ఏ రాయి ఉంది, ఏ రంగు, ఎన్ని చారలు అని పుస్తకంలో ఎక్కిస్తాం. దాన్ని లాగు అంటారు. ఆ లాగు చూసే తర్వాతి బోరు ఎక్కడ వేయాలో తేలుస్తారు. లాగు ఎప్పుడూ మేడమే రాసేది. నేను పక్కన నిలబడి రాళ్ల మీద నీళ్లు చల్లేవాణ్ణి.

ఐదో బోరు నడుస్తుండగా మేడం వాగులో జారి చీలమండ బెణికించుకుంది. మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. జహీరాబాద్‌లో మేడ మీద అద్దెకున్న ఇంట్లోంచి నాకు ఫోన్ చేసింది.

"ఈ బోరుకి లాగు నువ్వే రాయి. చూడు, పెట్టెలకి మూతలు పెట్టి బోల్టులు బిగించు. తాడు కట్టు. ఆటోని మెల్లగా తోలమను."

"అట్లనే మేడం," అన్నాను. లాగు నువ్వే రాయి అన్న మాట తర్వాత ఆవిడ చెప్పిందేదీ నా చెవిలోకి పోలేదు.

పెట్టెలన్నీ ట్రాలీలోకి ఎక్కించాక దేవదాసు పానా పట్టుకుని నిలబడ్డాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. మొగుడంపల్లిలో ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. ప్రతి పనికీ ఒక తాళం, ఒక లెక్క ఉండాలనే మనిషి.

"మూతలు బిగిద్దమా సార్?"

"గోదాంల మల్ల ఇప్పేటియే కదా అన్నా. అరగంట దండగ."

"తాడన్న కడ్త."

"నడువన్నా. అంత బరువున్నయి, ఏడికి పోతయ్."

దేవదాసు పానాను సీటు కింద పెట్టి ఆటో తీశాడు. మంచివాళ్లు మన మాట వింటే ఎంత నష్టమో నాకు ఆరోజు తెలిసింది.

హైవే ఎక్కే ముందు చిరాగ్‌పల్లి దగ్గర ఒక స్పీడు బ్రేకరు ఉంది. దేవదాసు దాని ముందు బండిని నెమ్మది చేశాడు. నేను పక్కన కూర్చుని మనసులోనే లాగు మొదటి పేజీ రాసుకుంటున్నాను, పేరు పైన పెట్టాలా కింద పెట్టాలా అని. "జర తొందరగ పోనియ్ అన్నా," అన్నాను. ఆయన పోనిచ్చాడు. ముందు చక్రం ఎగిరింది, వెనక చక్రాలు ఎగిరాయి, వాటితో పాటు పైనున్న రెండు పెట్టెలు కూడా ఎగిరాయి. చక్రాలు మళ్లీ బండి కిందికే వచ్చాయి. పెట్టెలు రాలేదు.

పది మీటర్ల భూమి రోడ్డు మీద పడితే ఎలాంటి చప్పుడు వస్తుందో మీలో ఎవరూ విని ఉండరు. పెళ్లి వంటల దగ్గర గిన్నెల గంప మెట్ల మీద దొర్లితే వచ్చే చప్పుడుకు దగ్గరగా ఉంటుంది. గుండ్రటి రాళ్లు కదా, పడి ఊరుకోలేదు. కొన్ని రోడ్డు దాటాయి, కొన్ని కాలువలోకి దొర్లాయి, ఒకటి చాయ్ బండి ముందున్న బల్ల కిందికి పోయి ఆగింది.

చాయ్ బండి సుగుణమ్మది. ఆమె గిన్నె దించి పరుగున వచ్చింది.

"అయ్యో సారూ, ఏం పడ్డయ్? పైపులా?"

"రాళ్లమ్మా."

"రాళ్లే కదా," అని ఆమె ఊపిరి పీల్చుకుంది. "నేనింక సామాన్ అనుకున్న."

దేవదాసు మెడలోని తువ్వాలు తీసి ఊపుతూ రోడ్డుకు అడ్డంగా నిలబడి లారీలను ఆపాడు. సుగుణమ్మ, అక్కడ చాయ్ తాగుతున్న ఇద్దరు ముగ్గురు, నేను వంగి రాళ్లు ఏరాం. ఎవరి చేతికి దొరికినవి వాళ్లు తెచ్చి సుగుణమ్మ బల్ల మీద కుప్ప పోశారు. పది చెక్కముక్కల్లో ఎనిమిది దొరికాయి. ఒకదాని మీదుగా అప్పటికే ఏదో లారీ పోయింది.

దేవదాసు కుప్ప వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"ఫోన్ల ఫోటో తీసిన్రా సార్, పెట్టెలల్ల ఉన్నప్పుడు?"

"గోదాంల కడిగినంక తీద్దమనుకున్న."

"గట్లనా." తువ్వాలు మళ్లీ మెడలో వేసుకున్నాడు. "మేడంకు ఫోన్ చేయుండ్రి సార్."

"ఎందుకన్నా, కాలు నొప్పితోటి పండుకున్నది. గిదొకటి చెప్పి పరేషాన్ చేయుడెందుకు."

చూశారా, నా దయ. ఆవిడ కాలు నొప్పి మీద నాకు అంతవరకూ లేని జాలి ఆ ఒక్క నిమిషంలో పొంగుకొచ్చింది.

ఇక బల్ల మీద కూర్చుని పేర్చడం మొదలుపెట్టాను. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, రాయిని చూస్తే దాని చోటు తెలియదా అనుకున్నాను. తెలియలేదు. పచ్చ ముక్క పక్కన పచ్చ ముక్క పెట్టాను. తెల్లచారలున్న ముక్కలు ఇక్కడొకటి అక్కడొకటి ఉంటే నాకే గజిబిజిగా అనిపించి, అన్నిటినీ ఒక గాడిలోకి చేర్చాను. కొన్ని గాడిలో పట్టలేదు. నడుముకున్న సుత్తి తీసి, పట్టేలా కొట్టాను. అంతవరకూ ఆ సుత్తిని వాడే అవకాశమే రాలేదు నాకు. చెక్కముక్కల్ని సమానమైన దూరంలో పెట్టాను, అన్నదమ్ములకు వాటాలు పంచినట్టు.

సుగుణమ్మ చాయ్ గ్లాసులు అందిస్తూ పెట్టెలోకి తొంగి చూసింది.

"గిప్పుడు మంచిగున్నది సారూ. తెల్లయి తెల్లయి ఒక్కతాన."

ఆ మెచ్చుకోలుకు నేను సిగ్గుపడవలసింది పోయి, సంతోషపడ్డాను.

గోదాము ఒకప్పుడు ఆలుగడ్డలు నిల్వ పెట్టింది. అక్కడ కూర్చుని నా జీవితంలో మొదటి లాగు రాశాను. పదకొండో పెట్టె, పన్నెండో పెట్టె దగ్గరికి వచ్చేసరికి నా పెన్ను ఒక్కచోట కూడా ఆగలేదు. పలుగురాయి చార, మందం ఒక మీటరు అని రాశాను. దాని పక్కన జానెడు పొడవున్న నల్లటి కడ్డీ ఒకటి ఉంది. పాత రాయి పగుళ్లలోంచి వేడి నల్లరాయి ఎగదన్ని గట్టిపడితే దాన్ని డైక్ అంటారు. కనుక 'డైక్' అని రాసి, 'పగుళ్లు లేవు, చాలా నునుపు, గింజలన్నీ ఒకే తీరు' అని వర్ణించాను. ఫోటోలు తీసి, అన్నీ మేడంకి పంపాను.

పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"నర్సింలూ, ఇది నిజమేనా? మీటరు మందమా?"

"అవును మేడం."

"పక్కనే డైక్ కూడా ఉందా?"

"ఉంది మేడం."

"ముక్కల అంచులు ఒకదానికొకటి సరిపోయాయా? చూశావా?"

"చూసిన మేడం."

ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. "ఇన్నాళ్లూ ఇక్కడ వెంట్రుకల్లాంటి చారలే చూశాను. పక్కన డైక్ ఉందంటే అక్కడ రాయి బాగా పగిలి ఉంటుంది, బంగారం పేరుకోవడానికి చోటు దొరికి ఉంటుంది. బాగా చూశావు. రేపు పెద్దవాళ్లతో మీటింగు ఉంది, నీ పేరు చెబుతాను."

చెప్పింది కూడా. పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారట. నేను కొత్త చొక్కా కొనుక్కున్నాను.

నాలుగు రోజుల తర్వాత దేవదాసు గోదాముకు వచ్చి, గుమ్మంలోనే ఆగాడు.

"సార్, చాయ్ సుగుణమ్మ అడుగుతున్నది. ఆ దినం బల్ల మీదికెల్లి ఆమె అల్లం దంచే గుండు మాయమైందంట. మన రాళ్లల్ల ఏమన్న కలిసిందా అని."

"ఆమె గుండు మనకెందుకన్నా," అన్నాను. దేవదాసు వెళ్లిపోయాడు. నేను పన్నెండో పెట్టె దగ్గరికి వెళ్లాను. నా డైక్ అక్కడే ఉంది. చేతిలోకి తీసుకున్నాను. ఒక కొన అరిగి గుండ్రంగా ఉంది, ఆ కొనకు సన్నటి పీచు అంటుకుని ఉంది. వాసన చూశాను. అల్లం. కొంచెం యాలకులు కూడా.

భూమి పుట్టాక లోతుల్లోంచి ఎగదన్నిన రాయిగా నేను వర్ణించినది, పెద్దవాళ్లు చప్పట్లు కొట్టినది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చాయ్‌లోకి అల్లం దంచే గుండు. అది రోడ్డు మీద పడనే లేదు. బల్ల మీద కుప్పలో ఉంటే నేనే ఎత్తి పెట్టెలో పెట్టుకున్నాను.

నేనే తీసుకెళ్లి సుగుణమ్మకు ఇచ్చాను. ఆమె దాన్ని నీళ్లతో కడిగి, వెంటనే అల్లం ముక్క వేసి దంచడం మొదలుపెట్టింది.

"ఏడ దొరికింది సారూ?"

యాభై ఎనిమిదో మీటరు లోతున అని చెప్పలేను కదా. "ఆటోల ఉండెనమ్మా," అన్నాను.

ఇక్కడ మీరు నన్ను ఆపి, అప్పుడన్నా మేడంకి చెప్పాల్సింది కదయ్యా అంటారు. చెప్పాల్సింది. ఫోన్ తీశాను కూడా. ఆవిడ పేరు తెర మీద కనబడగానే, ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు గుర్తొచ్చి ఫోన్ జేబులో పెట్టేశాను. గోదాముకు తిరిగి వచ్చి, ఆవరణలో పడున్న నల్లరాయి ముక్క ఒకటి తెచ్చి ఖాళీ చోట్లో పెట్టాను. రాళ్లు పారబోయడం పొరపాటు. ఆ నల్లముక్క పెట్టడానికి ఏ పేరు పెట్టాలో మీకు తెలుసు.

బోరు బండి కాంట్రాక్టు అయిపోవస్తోంది. ఇంకొక్క బోరు వేసేంత గడువే మిగిలింది. దాన్ని వాగు పక్కన, పాత కందకాల దగ్గర వేయాలని మేడం మొదటినుంచీ అనుకుంటోంది. అది బీడు. ఎవరి పంటా లేదు. ఇప్పుడు నా లాగు చూసి కాగితాల మీద గీతలు గీస్తే, ఆ మీటరు మందం చార తూర్పుకు దిగి, బాలమణి అవ్వ చెల్క కిందికి పోతున్నట్టు తేలింది. చెల్కలో అల్లం ఉంది.

"వెళ్లి అడుగు," అంది మేడం. "పంటకి కంపెనీ పరిహారం ఇస్తుంది. కానీ ఆవిడ వద్దంటే వద్దు. బలవంతం చెయ్యకు."

అవ్వ వద్దంటే బాగుండునని దారిపొడవునా మొక్కుకుంటూ వెళ్లాను. బాలమణి అవ్వకు అరవై అయిదు దాటి ఉంటాయి. భర్త పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటోంది. కొడవలి పక్కన పెట్టి, నా టోపీ వైపు చూసింది.

"అవ్వా, మీ చెల్కల ఒక బోరు ఏస్తం."

"నీళ్లు పడ్తయా?"

"నీళ్లకు కాదవ్వా. లోపల రాయి తీసి చూస్తం."

"రాయి సూసుటానికి నా చెల్కనే దొరికిందా? మొగుడంపల్లిల రాళ్లకేం కరువు."

నేను బంగారం సంగతి చెప్పాను. ఆమె అల్లం మడుల వైపు తిరిగింది. ఆకు ఇంకా పచ్చగా ఉంది.

"ఇంక రెండు నెల్లయితే ముదురుతది. గిప్పుడు తవ్వితే కూరలకు పనికొస్తది గని ఇత్తనానికి రాదు కొడుకా. ముదరక ముందు తీసిన అల్లం కుళ్లిపోతది. ఇది మా అత్త నాటి సంది మా ఇంట్లనే ఉన్న ఇత్తనం. బజారుల కొన్నది కాదు."

"అయితే వద్దులే అవ్వా," అని లేవబోయాను. నిజంగానే లేవబోయాను.

"ఉండు," అంది ఆమె. "ఊరి పక్కపొంట బంగారం ఎల్లితే పది మందికి పని దొరుకుతది అంటున్రు. నువ్వు సదువుకున్నోనివి. నువ్వు చెప్పు. ఆడ ఉన్నదని నీ కండ్లతోటి సూసినవా?"

ఆమె నా మొహంలోకి చూస్తోంది. పక్కన దేవదాసు ఆటో అద్దం తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు.

"చూసిన అవ్వా," అన్నాను.

మర్నాడు అల్లం తవ్వారు. లేత అల్లం వాసన ఆ దారి పొడవునా కమ్మేసింది. అందరూ ఎంత కమ్మగా ఉందో అనుకున్నారు. నేను మాత్రం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాను.

బోరు నడిచిన రోజులన్నీ మేడం చేతికర్ర సాయంతో వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పైకి వచ్చిన ప్రతి ముక్కనూ నాలుకతో తడిపి చూసింది. పచ్చరాయి. మళ్లీ పచ్చరాయి. వెంట్రుకంత తెల్ల చార. మళ్లీ పచ్చరాయి. "ఇంకో మీటరు వెళ్దాం," అనేది. బండి వాళ్లు ఇంకో మీటరు దించేవాళ్లు. గడువు అయిపోయిన రోజు బండి వాళ్లు గొట్టాలు విప్పుకుని వెళ్లిపోయారు. చెల్కలో ఒక సిమెంటు మూత, దాని చుట్టూ తొక్కి పాడైన మడులు మిగిలాయి.

ఆ తర్వాత మూడు రోజులు మేడం గోదాములో బల్ల ముందు కూర్చుని అవే గీతలు గీసి చెరిపింది, గీసి చెరిపింది. మూడోరోజు మధ్యాహ్నం పెన్సిలు కింద పెట్టింది.

"రాయి తప్పు చెప్పదు నర్సింలూ. నేనే తప్పు చదివాను. ఎక్కడ తప్పానో కూడా నాకు తెలియడం లేదు. ఇంక ఈ పని మానుకోవాల్సిన వయసు వచ్చిందేమో."

నేను ఎన్నో రోజులుగా మనసులో పెద్ద ఉపన్యాసం తయారు చేసుకుని ఉన్నాను. పరిస్థితులు, ఒత్తిడి, అనుభవలేమి, అన్నీ ఉన్నాయి అందులో. నోరు తెరిస్తే వచ్చింది ఇది:

"మేడం, ఆ డైక్ అల్లం దంచే గుండు."

"ఏ డైక్?"

"పన్నెండో పెట్టెల ఉన్నది మేడం. చిరాగ్‌పల్లి చాయ్ బండిది."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నేను మొత్తం చెప్పాను. బోల్టులు, తాడు, స్పీడు బ్రేకరు, కుప్ప, సుత్తి, తర్వాత పెట్టిన నల్లముక్క. ఆవిడ మధ్యలో నాలుగే నాలుగు ప్రశ్నలు అడిగింది.

"ఎన్ని పెట్టెలు?"

"రెండు."

"ఏవేవి?"

"పదకొండు, పన్నెండు."

"సుత్తితో ఎన్ని కొట్టావు?"

"లెక్కపెట్టలేదు మేడం."

"అవ్వకి చూశానని చెప్పావా?"

"చెప్పిన మేడం."

ఆవిడ తిట్టలేదు. రెండు పెట్టెల్ని నేల మీద బోర్లించమంది. బెణికిన కాలు చాపుకుని నేల మీదే కూర్చుని, ముక్కకు ముక్క అంచులు కలిపి చూడటం మొదలుపెట్టింది. నేను అందిస్తుంటే ఆవిడ పేర్చింది. పొద్దు వాలేదాకా అదే పని. నేను సుత్తితో కొట్టిన ముక్కలు దేనికీ అతకలేదు. అతికినవాటిని బట్టి చూస్తే, నా మీటరు మందం చార ఆరు చోట్ల ఆరు దారప్పోగులుగా విడిపోయింది. ఒక దశలో ఆవిడ నా లాగు పుస్తకం తీసి చదివింది. "'పగుళ్లు లేవు, చాలా నునుపు.'" ఒకసారి నవ్వు వచ్చింది ఆవిడకు. "అవును మరి. రోజూ నూరితే నునుపెక్కదా." ఆ నవ్వు అట్టే నిలవలేదు.

"ఆరోజు ఫోన్ చేసి ఉంటే ఏం చేసేదాన్నో తెలుసా? బాగా తిట్టేదాన్ని. ఈ రెండు పెట్టెల్నీ లెక్కలోంచి తీసేసి, ఆఖరి బోరు వాగు పక్కన వేసేదాన్ని."

"అక్కడ బంగారం ఉండేదా మేడం?"

"తెలీదు," అంది ఆవిడ. "అది తెలుసుకుందామనే కదా వచ్చాం."

పెద్దవాళ్లకు ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. తప్పు నాదే అని చెప్పి, పర్యవేక్షణ తనదే అని కూడా చెప్పింది. నన్ను తీసేసే శ్రమ వాళ్లకు లేకుండా ప్రాజెక్టే మూసేశారు. మూసేముందు నివేదిక రాయాలి కదా. అందులో ఇంతవరకూ ఎవరెవరు వెతికారో చెప్పే అధ్యాయం మేడం నాకే అప్పగించింది. సర్కారీ కందకాలు, బర్రెల కొట్టం రాళ్లు, మా బోర్లు అన్నీ రాశాను. నా తప్పు గురించి ఆరు పేజీలు రాశాను. అందులో పశ్చాత్తాపం ఉంది, మా అమ్మానాన్నల పెంపకం గురించి ఉంది, చివర్లో కొంచెం కవిత్వం కూడా ఉంది. మేడం ఎర్రపెన్ను తీసి ఆరు పేజీలూ కొట్టేసి, ఒక్క వాక్యం ఉంచింది: 'ఐదో బోరులో పదకొండు, పన్నెండు పెట్టెలు రవాణాలో చెదిరినవి, నమ్మదగినవి కావు.'

"తర్వాత వచ్చేవాళ్లకి ఇది చాలు," అంది. "మిగతాది అవ్వకి చెప్పు. కంపెనీ కాగితం పంపడం కాదు. నువ్వే వెళ్లి చెప్పు."

వెళ్లాను. టోపీ ఇంట్లోనే పెట్టి వెళ్లాను. బాలమణి అవ్వ గుమ్మంలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. దేవదాసు ఆటో దగ్గరే ఉండిపోయాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. చేట ఆగలేదు.

"అంటే నువ్వు సూడలే."

"చూడలేదవ్వా."

"సూసిన అన్నవ్."

"అన్న."

ఆమె జొన్నలన్నీ చెరగడం పూర్తి చేసింది. కూర్చోమని అనలేదు, పొమ్మనీ అనలేదు. నా కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తిమ్మిరెక్కాయి. పరిహారం ఆమెకు అందింది, కానీ అత్తగారి నాటి విత్తనం దానితో రాదు కదా. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె చేట దులిపి లేచింది.

"మా చెల్లె న్యాల్‌కల్ల ఉంటది. దాని పెండ్లి కాంగనే నేనే ఇచ్చిన గీ ఇత్తనం. ఇంక పెడుతున్నదో లేదో. అల్లం తీసే దినాలల్ల ఆటో తీస్కరా. అడిగొద్దం."

ఆ మిగిలిన రోజులన్నీ నేను ఎదురుచూసినంతగా అల్లం కోసం ఏ వ్యాపారీ ఎదురుచూసి ఉండడు. రోజు రాగానే ముగ్గురం బయలుదేరాం. అవ్వ దేవదాసు పక్కన కూర్చుంది, నేను వెనక ట్రాలీలో నిలబడ్డాను. న్యాల్‌కల్‌లో ఆమె చెల్లెలు నాగమణమ్మ ఇంటి ముందు ఆగేసరికి, వాకిట్లో అప్పుడే తవ్విన అల్లం రాసి పోసి ఉంది. అవ్వ ఒక దుంప తీసుకుని విరిచి చూసింది, వాసన చూసింది. ఆమె మొహం చూశాక నేను ట్రాలీ రాడ్డు వదిలి గట్టిగా ఊపిరి తీసుకున్నాను. అదే విత్తనం.

నాగమణమ్మ మాకు మంచినీళ్లు ఇచ్చి, అక్క పక్కన కూర్చుంది.

"నీ ఇత్తనం ఏమైందక్కా? నాకు ఇచ్చేంత ఉండె నీ తాన."

అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. బోరు, రాయి, రోడ్డు, గుండు, ఏదీ వదల్లేదు. నేను మేడంకు చెప్పినదానికన్నా వివరంగా, నేను చెప్పని సంగతులు కూడా కలిపి చెప్పింది. మధ్యలో ఇరుగుపొరుగు ఇద్దరు వచ్చి గోడ మీద చేతులు ఆనించి నిలబడ్డారు. వాళ్ల కోసం మళ్లీ మొదటినుంచి చెప్పింది. నేను చేతిలోని నీళ్ల గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. దేవదాసు నాకు సాయంగా ఏదైనా అంటాడని చూశాను. ఆయన ఒకచోట అవ్వను ఆపి, "తాడు కడ్త అని నేను చెప్పిన," అని మాత్రం సవరించాడు.

అంతా విని నాగమణమ్మ బుగ్గ మీద చేయి పెట్టుకుంది.

"మరి బంగారం దొరికిందా అక్కా?"

"దొరకలే," అంది అవ్వ, దుంపలు ఏరి సంచిలో వేస్తూ. "మంచిగైంది. దొరికితే గీ సారు దాన్ని గూడ తీస్కపోయి రోడ్డు మీద పారబోస్తుండె."

గోడ అవతలివాళ్లు కూడా నవ్వారు. నేను తలెత్తలేదు. ఎత్తితే ఆ మాట కాదనాలి, నిజానికి నేను లోపల్లోపల ఒప్పుకున్నాను.

ఇప్పుడు నేను ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాను. న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చే పిల్లల్లో కొందరికి నా పేరు తెలియదు గానీ, రాళ్లు పారబోసిన సారు అంటే తెలుసు. కనుక వాళ్ల సాక్షిగా, విన్న మీ అందరి సాక్షిగా, కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నేను చూడనిదాన్ని చూశానని చెప్పను. ఏదైనా నా చేతిలోంచి జారిందా, అది నేలను తాకకముందే ఫోన్ చేసి చెబుతాను.